అత్రాఫె బల్దా మొదలు మేడ్చల్ జిల్లా వరకు : నగరోపాంత గ్రామముల స్థానీయత, నిత్యప్రయాణము

నగరముల చరిత్ర వ్రాయువారు సాధారణముగ కోటతోను రాజుతోను ప్రారంభింతురు. ఆ నగరమునకు పాలు, కూరగాయలు, కూలి చేతులు పంపిన పరిసర గ్రామముల ప్రసక్తి అధస్సూచికలకే పరిమితమగుట కద్దు. హైదరాబాదు విషయమునను ఇట్లే జరిగినది. నగరమును గూర్చి అనేక గ్రంథములు వెలసినవి గాని, దాని ఉత్తరపు పొలిమేరనున్న మేడ్చల్, షామీర్‌పేటల వంటి ఊళ్లు తమ పేరును ఎట్లు నిలుపుకొనుచు వచ్చినవో విచారించినవారు తక్కువ. ఉదయము నగరమునకు బోయి సాయంకాలము తిరిగివచ్చు మనుష్యుడు ఏ ఊరివాడు? ఈ ప్రశ్న పైకి తేలికగా కనబడును. కాని దీనికి పాలకులు ఒక విధముగను, చట్టము మరియొక విధముగను, ప్రజలు వేరొక విధముగను సమాధానము చెప్పుచు వచ్చిరి. ఆ మూడింటిని కాలక్రమమున పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట పాలకులు పెట్టిన పేరును గమనింతము. నిజాము రాజ్యమున మేడ్చల్ తాలూకా అత్రాఫె బల్దా జిల్లాలోనిది. ‘బల్దా’ యనగా నగరము. నేటికిని నగరవాసులు పురపాలక సంస్థను ‘బల్దియా’ యని పిలుచుట అందరు ఎరిగినదే. ఈ రెండు శబ్దములును ఒకే అరబ్బీ మూలము గలవి. ‘అత్రాఫ్’ అనునది ‘తరఫ్’ శబ్దమునకు బహువచనము. ఆ తరఫ్ మన భాషలో ‘తరఫు’ అయి, ‘వాది తరఫున’, ‘పెండ్లికొడుకు తరఫువారు’ అని నిత్యవ్యవహారమున నిలిచినది. కావున అత్రాఫె బల్దా యనగా నగరపు చుట్టుప్రక్కలు అని అర్థము. జిల్లాకు ముఖ్యపట్టణమును బట్టియో నదిని బట్టియో పేరుండుట పరిపాటి. ఈ జిల్లాకు మాత్రము తనదైన పేరు లేదు. వేరొకదాని ప్రక్కన నుండుటయే దాని పేరైనది. పైగా ఆ జిల్లా సర్ఫేఖాస్, అనగా నిజాము సొంత వ్యయమునకై ప్రత్యేకించిన భూమి. అచటి రైతు కట్టిన శిస్తు దివానీ ఖజానాకు గాక ప్రభువు సొంత ఖజానాకు చేరెడిది. ఆ విధముగ ఈ ఊళ్లు పేరుచేత నగరమునకును, ఆదాయముచేత నగరాధిపతికిని కట్టుబడియుండెను.

పోలీసు చర్య తరువాత ఈ స్థితి మారినది గాని పేరు విషయమున విశేషముగ మారలేదు. 1948లో అత్రాఫె బల్దా, బాగాత్ జిల్లాలు కలిసి హైదరాబాదు జిల్లా అయినవి. 1949లో సర్ఫేఖాస్ భూములు దివానీలో విలీనమైనవి. 1978 ఆగష్టు 15వ తేదీన నగరమును వేరుచేసి పరిసర ప్రాంతములతో ఒక జిల్లా నేర్పరచి, దానికి కె.వి. రంగారెడ్డి గారి పేరు పెట్టిరి. ఆనాటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి గారు ఆ సంవత్సరముననే మేడ్చల్ నియోజకవర్గమునుండి శాసనసభకు ఎన్నికైనవారు. అయినను ఆ జిల్లా కలెక్టరు కార్యాలయము మాత్రము హైదరాబాదు నగరముననే యుండెను. మేడ్చల్ రైతు తన జిల్లా కచ్చేరికి పోవలెనన్న జిల్లా సరిహద్దు దాటి పోవలసి వచ్చినది. పేరు మారినను, నడక నగరమువైపునకే.

ఇక ప్రజలు పెట్టుకొన్న పేర్లను చూతము. తెలంగాణ పల్లెలందు హైదరాబాదును ‘పట్నం’ అందురు. ‘పట్నం పోయిండు’ అన్నచో ఏ పట్టణమని అడుగు పని లేదు. సామాన్యనామము విశేషనామమైనదనుటకు ఇది చక్కని ఉదాహరణము. సికింద్రాబాదునకు మాత్రము ‘లష్కర్’ అను పేరు కలదు. లష్కర్ యనగా దండు. 1806లో సికందర్ జా పేరిట ఏర్పడిన ఈ ఊరు ఆంగ్లేయుల దండుతో పెరిగినది. దానికి ఉత్తరమున బొల్లారమునందును సైన్యము నిలిచినది. చార్మినారు పట్నమైనచో, ఉత్తరపు పల్లెలకు మొదట ఎదురగు నగరము లష్కరే. మేడ్చల్ దారి బోయినపల్లి మీదుగను, షామీర్‌పేట దారి తిరుమలగిరి, అల్వాల్, బొల్లారము, హకీంపేటల మీదుగను లష్కరునుండియే వెడలుచున్నవి. కావున ఈ ప్రాంతమువారు ఒక నగరమునకు గాక రెండు నగరములకు పొరుగువారు. ఒకటి రాజధాని, రెండవది దండు. ఒకదానియందు కచ్చేరి, రెండవదానియందు అంగడి. కచ్చేరికి పోవుటకు పట్నమును, సరుకు అమ్ముటకు లష్కరును తొక్కినవారికి ఏ ఒక్క నగరమును పూర్తిగ తమదనుకొను అవసరము కలుగలేదు. ఆ రెండింటికి వెలుపల తమ ఊరు తమకు మిగిలినది.

ఈ రాకపోకలను నిత్యకృత్యముగ మార్చినవి రైలు, మోటారు బస్సు. హైదరాబాదు గోదావరీ లోయ రైల్వే 1899–1901 సంవత్సరముల మధ్య సికింద్రాబాదునుండి నిజామాబాదు మీదుగ మన్మాడు వరకు మీటరుగేజి మార్గమును తెరచినది. మేడ్చల్ ఆ మార్గముననే యున్నది. 1930లో నిజాము ప్రభుత్వము రైల్వేను స్వాధీనము చేసికొని, 1932లో దానికి అనుబంధముగ 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను స్థాపించినది. షామీర్‌పేటకు రైలు రాలేదు. దానికి కరీంనగరు రోడ్డే ఆధారము. ఈ భేదము చిన్నది కాదు. రైలునకు వేళ కలదు, నిలయము కలదు, నిలయమునకు పసుపుపలకపై మూడు భాషలలో వ్రాసిన పేరు కలదు. బస్సునకు చేయెత్తినచోట ఆగు గుణము కలదు. మేడ్చల్ గంటను బట్టి నడచు ఊరైనది. షామీర్‌పేట దారిని బట్టి నడచు ఊరైనది.

ఈ దారుల వెంట మొదట పోయినవి వస్తువులు. చెరువు క్రింది కూరగాయలు, పాలు, తరువాతి కాలమున హైదరాబాదు పరిసరములకు పేరు తెచ్చిన అనాబెషాహీ ద్రాక్ష లష్కరులోని మోండా మార్కెట్టునకును, పిదప బోయినపల్లి మార్కెట్టునకును చేరెడివి. తట్టతో పోయినవాడు తట్టను ఖాళీచేసికొని తిరిగివచ్చును. ఇతడు రైతుగనే పోయి రైతుగనే మరలును. తరువాత కొడుకులు గుమాస్తాలై, మేస్త్రీలై, కార్మికులై పోసాగిరి. వీరు పోవునది తమ పంటతో గాదు, తమ దినముతో. ఇక్కడ స్థానీయత ప్రశ్న మొదలగును. ఏలయన దినములో మెలకువగ నుండు వేళ అధికభాగము నగరమునకే చెల్లుచున్నది, ఊరికి మిగులునది రాత్రి, పండుగ, ఓటు.

ఇట్టి మనుష్యుని చట్టము ఎట్లు చూచినది? నిజాము కాలమున 1919లో వెలువడిన ముల్కీ నిబంధనలు 15 సంవత్సరముల నివాసమును ప్రమాణముగ గొనినవి. ఎచట నివసించుచున్నాడన్నదే ప్రశ్న. ఎచటికి పోయి వచ్చుచున్నాడన్నది కాదు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రమాణమును మార్చి, ప్రధానముగ చదివిన చోటును ముఖ్యము చేసినది. 2018 నాటి ఉత్తర్వు 1 నుండి 7వ తరగతి వరకు గల చదువులో కనీసము 4 సంవత్సరములు ఏ జిల్లాలో చదివినచో ఆ జిల్లాకు స్థానికుడనుచున్నది. ప్రత్యక్ష నియామకములలో 95 శాతము ఉద్యోగములు స్థానికులకే. వలసలవలన తెలంగాణమున రేగిన ముల్కీ వివాదములను, 1952, 1969 సంవత్సరముల ఆందోళనలను ఎరిగినవారికి ఈ నిబంధన ఉద్దేశము సుబోధము. కాని నిత్యప్రయాణికుని విషయమున దీని ఫలము విచిత్రము. షామీర్‌పేటలో పుట్టి, షామీర్‌పేటలో పెరుగుచు, దినదినము బస్సెక్కి అల్వాలులో దిగి చదువు బాలుడు తన జిల్లాకు స్థానికుడే. అదే బస్సులో మరికొంత దూరము పోయి తిరుమలగిరిలో దిగి చదువు వాని తమ్ముడు హైదరాబాదు జిల్లాకు స్థానికుడగును. ఒక తల్లి బిడ్డలు, ఒక యింటి కప్పు, ఒకే బస్సు. దిగిన చోటు వేరగుటచే స్థానీయత వేరగుచున్నది. తండ్రి మంచి బడి యని చేర్పించినదే గాని జిల్లా మార్పింపవలెనని కాదు. నివాసము, విద్య ఒకచోటనే యుండు కాలమున కుదిరిన ప్రమాణము నిత్యప్రయాణ కాలమున కుదురుట లేదని మా తలంపు.

ఇంతవరకు చెప్పినది ఊరినుండి నగరమునకు జరిగిన ప్రవాహము. 1990 తరువాత ఎదురు ప్రవాహము మొదలైనది. మేడ్చల్ ప్రాంతమున నెలకొన్న శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకాను వెలువరించినది. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము స్థాపితమై, తరువాత షామీర్‌పేటలో నెలకొన్నది. తుర్కపల్లి పరిసరములందు జీనోమ్ వ్యాలీ వెలసి, 2021లో దేశమంతట వాడుకకు వచ్చిన కోవాగ్జిన్ టీకాకు జన్మస్థానమైనది. 2008లో బిట్స్ పిలానీ సంస్థ షామీర్‌పేటకు చేరువ తన హైదరాబాదు విద్యాలయమును తెరచినది. ఇప్పుడు ఉదయమున నగరమునుండి వచ్చు బస్సులును నిండుగనే వచ్చుచున్నవి. కాని వచ్చువారు ఊరికి వచ్చుట లేదు, ఊరిలోని ఆవరణమునకు వచ్చుచున్నారు. తుర్కపల్లి అను పేరు చిరునామాలో మిగిలినది. లోకము పలుకుచున్నది జీనోమ్ వ్యాలీ అని.

పాలనలోను ఈ తిరుగుడు కనబడుచున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాయందు ఈ ప్రాంతమున కెన్నడును లేని గౌరవము కలిగినది: జిల్లాకు తన ఊరి పేరు. 2022 ఆగష్టు 17వ తేదీన షామీర్‌పేట మండలము అంతాయిపల్లిలో కలెక్టరు కార్యాలయము ప్రారంభమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ జిల్లా పరిధిలోని జనము సుమారు 24 లక్షలు. వారిలో పదింట తొమ్మిదిమంది పట్టణవాసులు. ఉప్పల్, కూకట్‌పల్లి, మల్కాజిగిరివారు తమ పనులకై అంతాయిపల్లికి రావలసినవారైరి. ఒకనాడు మేడ్చల్ రైతు పట్నపు కచ్చేరికి పోయినట్లే, నేడు పట్నపువాడు షామీర్‌పేట కచ్చేరికి వచ్చుచున్నాడు.

రవాణా మాత్రము పాత దారులనే అనుసరించుచున్నది. నగరమున ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2003లో మొదలైనను, సికింద్రాబాదునుండి మేడ్చల్‌కు గల సుమారు 28 కిలోమీటర్ల మార్గమున అవి 2023 ఏప్రిల్ 8వ తేదీకి గాని రాలేదు. 2025 జనవరిలో ప్యారడైజ్ నుండి మేడ్చల్‌కును, జూబ్లీ బస్ స్టేషన్ నుండి షామీర్‌పేటకును మెట్రో మార్గములకై సమగ్ర నివేదికలు సిద్ధపరచుమని రాష్ట్ర ప్రభుత్వము ఆదేశించినది. ఈ రెండును లష్కరునుండియే వెడలుట గమనింపదగినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి యొక్కటే ఈ రెండు ఊళ్లను నగరముతో పని లేక అడ్డముగ కలిపినది. ఆ రహదారిపై మేడ్చల్ 6వ ఎగ్జిట్. షామీర్‌పేట 7వ ఎగ్జిట్.

ఇట్లు ఊరు అంకెగ మారుట మనయందే కలిగిన వింత కాదు. అమెరికాలో న్యూయార్కు, ఫిలడెల్ఫియా మహానగరముల నడుమ న్యూజెర్సీ యను చిన్న రాష్ట్రము కలదు. ఎడిసన్ మొదలగు పట్టణములందు మనవారు అనేకులు స్థిరపడుటచే ఆ పేరు తెలుగు ఇండ్లలో సుపరిచితము. దానికి స్వంత శాసనసభ, స్వంత రాజధాని యున్నను, వేలకొలది జనులు దినమును పొరుగు నగరములలో గడిపి రాత్రికి ఇల్లు చేరుదురు. 1951లో తెరచిన అచటి టర్న్‌పైక్ రహదారిని బట్టి ‘నీది ఏ ఎగ్జిట్?’ అని పరిహాసముగ అడుగుట ఆ రాష్ట్రమున కలదు. అయినను ఆ రాష్ట్రము నగరములలో కలిసిపోలేదు. దాని సరిహద్దు దానికి రక్ష. మన గ్రామములకు అట్టి రక్ష లేదు. 1960లో సికింద్రాబాదు పురపాలకము హైదరాబాదుతో ఏకమైనది. 2007లో అల్వాల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్ మొదలగు 12 పురపాలికలు మహానగర పాలక సంస్థలో చేరినవి. 2025 నవంబరులో మరి 27 పురపాలికలను కలుపుటకు మంత్రివర్గము నిర్ణయించినది. వానిలో మేడ్చల్, తూంకుంటలు ఉన్నవి. జిల్లాకు పేరిచ్చిన ఊరు పదేండ్లు తిరుగకమునుపే పురపాలికగ తన పేరును కోల్పోవు స్థితికి వచ్చినది.

పై విచారణవలన మాకు తేలిన సారాంశమిది. నగరమునకు పోయి వచ్చుటవలన ఊరి పేరు నశించునను మాట సరికాదు. సికింద్రాబాదు మహానగరములో కలిసి అరువది యేండ్లు దాటినను లష్కర్ బోనాలు లష్కర్ బోనాలుగనే జరుగుచున్నవి. పాలకులు కలిపినదానిని ప్రజల నోరు కలుపలేదు. పాలకులిచ్చిన పేర్లు నూరేండ్లలో మూడుమార్లు మారినవి. మారనిది రైలు నిలయపు పలకయు, బస్సు నొసటి పలకయు, సాయంకాలము వానిని చూచి ఎక్కు జనమును. పోవువాడు తిరిగివచ్చుచున్నంతకాలము, ఆ పేరు పలుకక టిక్కెట్టు కొనలేడు. భయపడవలసినది ప్రయాణమును గూర్చి కాదు. స్థానికుడెవ్వడో నిర్ణయించునపుడు ఆ తిరుగుప్రయాణమును లెక్కింపని ప్రమాణమును గూర్చి.

కావున పరిశోధక విద్యార్థులకు మా మనవి యొక్కటి. ఈ ఊళ్లలో కుంటల పేర్లు, చేల పేర్లు, బస్సు ఆగు చోట్లకు జనులు పెట్టుకొన్న పేర్లు, పట్నము–లష్కరు అను మాటలను ఏ తరమువారు ఏ అర్థమున వాడుచున్నారన్న వివరములు ఇంకను వృద్ధుల నోట వినవచ్చుచున్నవి. వానిని ఊరూర తిరిగి సేకరింపవలెను. రేపు వార్డు సంఖ్యలు వచ్చిన పిమ్మట ఇవి ఏ దస్తావేజులోను దొరకవు.