పహాణీ నుంచి పోర్టల్ దాకా: భూరికార్డుల అన్వేషణలో వేగం, విశ్వసనీయత

భూరికార్డుల సమాచారం రాశిలో అపారం. రైతుకు కావలసింది అందులో ఒక్క వరుస మాత్రమే. ఆ వరుసను ఆలస్యం లేకుండా అందించడం కాగితపు దస్త్రానికీ, నేటి బ్రౌజరుకూ ఉమ్మడి సమస్య.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ 2016 అక్టోబరు 11 వరకు నల్లగొండ జిల్లాలోనివే. తెలంగాణలో భూమి హక్కులకు మూలాధారంగా నేటికీ చూపే ఖాస్రా పహాణీ 1954-55 నాటిది. దాని కూర్పు గ్రామాలవారీగా, సర్వే నంబర్ల క్రమంలో సాగింది. అందువల్ల పట్వారీ తాలూకా దస్త్రాలన్నీ తిరగేయనక్కరలేదు. ఆ ఊరి పహాణీలో ఆ నంబరున్న పుట తీస్తే సరిపోయేది. అంటే వెతుకులాటను తగ్గించింది దస్త్రపు కూర్పే.

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్‌లోనూ అన్వేషణ ఈ క్రమాన్నే అనుసరించింది: జిల్లా, మండలం, గ్రామం, ఆపై సర్వే నంబరు లేదా ఖాతా నంబరు. ఇలాంటి క్రమంలో ఒక్కో ఎంపికకు అవసరమైన కొద్దిపాటి జాబితాను మాత్రమే సర్వర్ నుంచి తెప్పించుకోవచ్చు. తొలినాటి వెబ్‌లో ప్రతి ఎంపికకూ పుట మొత్తం మళ్లీ రావలసి వచ్చేది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చిన సౌకర్యం పుటను కదపకుండానే సమాచారాన్ని తెప్పించే వీలు కల్పించింది; ఆ పద్ధతికి 2005లో అజాక్స్ అనే పేరు స్థిరపడింది.

వేగానికి కొలమానం మనిషి ఓపికే. జేకబ్ నీల్సన్ 1993లో మూడు హద్దులను వివరించాడు: 0.1 సెకను దాటకపోతే స్పందన తక్షణమనిపిస్తుంది. 1 సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు మించితే ధ్యాస మళ్లుతుంది. వేల వరుసలను ఒక్కసారిగా గీయబోతే సాధారణ ఫోనులోని బ్రౌజరు స్తంభిస్తుంది. కనుక తెర మీద కనిపించే వరుసలనే గీయడం, వడపోతను సర్వర్‌కు వదలడం, భారీ గణనలను తెర పనికి అడ్డురాని వేరే దారిలో నడపడం నేటి పరిష్కారాలు.

మరో ఉపాయం, అరుదుగా మారే జాబితాలను బ్రౌజరులోనే నిల్వ ఉంచడం. దీని పరిమితిని 2016 నాటి జిల్లాల పునర్విభజన స్పష్టం చేస్తుంది. సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పాత జాబితాను దాచుకున్న ఏ పుటైనా కోదాడను నల్లగొండలోనే వెతుకుతుంది. జవాబు వెంటనే వస్తుంది, కానీ తప్పు వస్తుంది. నిల్వ చేసిన ప్రతికి కాలపరిమితి, మార్పు గుర్తు తప్పనిసరి కావడం ఇందుకే.

రికార్డులోనే తప్పుంటే వేగం దాన్ని దిద్దలేదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో మొదలైన భూభారతికి ఆధారమైన చట్టం రికార్డుల సవరణకూ, అధికారుల ఉత్తర్వులపై అప్పీలుకూ వీలు కల్పించింది. సవరణ జరిగిన తరువాత కూడా తెర పాత వివరాన్నే చూపితే, ఆ హక్కు రైతు కంటికి ఆననట్టే. కాబట్టి భూరికార్డుల పోర్టల్‌ను అంచనా వేసేటప్పుడు జవాబు ఎన్ని సెకన్లలో వచ్చిందన్న ప్రశ్నతో పాటు, అది ఏ తేదీ నాటి రికార్డన్న ప్రశ్న కూడా అడగవలసి ఉంటుంది.