నమూనా పొగయింజనులు: నమ్మకమునకు మూలము

యంత్రములను గూర్చి మనము తీర్పు చెప్పు విధము మిక్కిలి సులభమైనది. నడచినంతకాలము అది మంచి యంత్రము. ఆగిననాడు చెడ్డ యంత్రము. దానిని నడపిన చేతికిగాని, కాపాడవలసిన బుద్ధికిగాని ఆ మంచిచెడ్డలలో భాగము కలదని మనకు తోచదు. ఈ యభిప్రాయము ఎంతవరకు నిలుచునో పరీక్షింపగోరువారు నమూనా పొగయింజనుల చరిత్రను చూడవలెను. నమూనా యనగా ఇచ్చట అలంకారమునకు నిలిపిన బొమ్మ కాదు. బల్లమీద పట్టునంత చిన్నదయ్యు, తన కడుపున నిజమైన నిప్పును నీటిని ధరించి, తన యావిరితో తానే నడచు ఇంజను. పెద్దయింజను కొంతకాలము ఓర్చుకొను తప్పును చిన్నయింజను గడియసేపైనను ఓర్చుకొనదు. అందుచేతనే మానవుని యేమరుపాటును అది త్వరగా బయటపెట్టును.

జేమ్సు వాట్ పేరు వినని విద్యార్థి మన పాఠశాలలలో ఉండడు. మరుగుచున్న నీటిపాత్రపై మూత ఎగిరిపడుట చూచి యాయన ఆవిరియంత్రమును కనిపెట్టెనని పిల్లలకు చెప్పుచుందుము. కథ అందమైనదే గాని చరిత్ర వేరు. వాట్ 1736లో జన్మించుటకు పూర్వమే న్యూకొమెన్ చేసిన ఆవిరియంత్రములు ఇంగ్లండు గనులలో నీరు తోడుచుండెను. వాట్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున శాస్త్రపరికరములు చేయు పనివాడు. 1763–64 చలికాలమున, అచ్చటి తరగతిలో విద్యార్థులకు చూపుటకై యుంచిన న్యూకొమెన్ యంత్రపు నమూనా యొకటి మరమ్మతునకై యాయన చేతికి వచ్చెను. దాని సిలిండరు అడ్డుకొలత 2 అంగుళములు. పిస్టను నడక 6 అంగుళములు. బాయిలరు చూచుటకు చాలినంత పెద్దదిగనే యుండెను. అయినను యంత్రము కొన్ని పోటులు వేసి, ఆవిరి చాలక ఆగిపోవుచుండెను.

మరియొకడైనచో నమూనా పనికిమాలినదని మూలకు ద్రోసియుండును. వాట్ మాత్రము అది ఎందుకు ఆగుచున్నదని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము కొంత గణితములో నున్నది. ఒక పాత్రయొక్క పొడవు, వెడల్పు, ఎత్తులను పదవవంతునకు తగ్గించినచో దాని ఉపరితలము నూరవవంతగును. లోపలి పరిమాణమో వేయవవంతగును. అనగా లోనికి పట్టు ఆవిరితో పోల్చిచూడగా, వేడిని కోల్పోవు గోడ పదిరెట్లు పెరిగినదన్నమాట. పెద్ద యంత్రమున కంటికి కనబడని నష్టము చిన్నదానియందు ప్రాణాంతకమగును. వాట్ ఆవిరిని కొలిచెను, నీటిని తూచెను. తనకు తోచని విషయమును జోసెఫ్ బ్లాక్ అను ఆచార్యునితో ప్రస్తావింపగా, ఆవిరి నీరగునపుడు విడుచు గుప్తోష్ణమును గూర్చి యాయన వివరించెను. 1765లో, ఆవిరిని సిలిండరులోనే చల్లార్చుటకు మారుగా వేరొక పాత్రలో చల్లార్చవలెనను ఊహ వాట్‌నకు స్ఫురించెను. 1769లో దానికి పేటెంటు లభించెను. మూలబడిన యొక నమూనాను శ్రద్ధతో విచారించినందున లోకమునకు కలిగిన లాభమిది. ఆచార్యుడును పనివాడును సమానముగా కూర్చుండి మాటలాడుకొనగలిగిన చోట ఇది జరిగెనను సంగతియు మనము మరువరాదు.

వాట్ యంత్రము ఉన్నచోటనే నిలిచి పనిచేయునది. దానిని చక్రములపై నడిపింపవచ్చునని తలచినవాడు ఆయన కొలువులోనివాడే యగు విలియమ్ మర్డాక్. 1784లో కార్న్‌వాల్ సీమయందలి రెడ్రూత్ గ్రామమున, మూడు చక్రములు గలిగి స్పిరిటు దీపముతో నడచు చిన్న బండి నాతడు చేసెను. ఒకరాత్రి వీధిలో నడిపింపబోగా అది చేయి తప్పించుకొని పరుగెత్తెననియు, ఎదురైన మతగురువు దానిని దయ్యమనుకొని కేకలు వేసెననియు చెప్పుదురు. అటుపిమ్మట ఆ సీమవాడే యగు రిచర్డు ట్రెవితిక్ మరికొన్ని నమూనాలు చేసెను. వానిలో నొకదానికి నిప్పుగూడు లేదు. బాయిలరులో వేడినీరు పోసి, క్రిందిగొట్టములో ఎఱ్ఱగా కాల్చిన ఇనుపముక్కను దూర్చి ఆవిరి పుట్టించిరి.

నమూనా బల్లమీద చక్కగా నడచినంతమాత్రమున పెద్దది దారిలో నడచునని నమ్మరాదు. ట్రెవితిక్ నిర్మించిన పెద్దబండి 1801 డిసెంబరు 24వ తేదీన కేంబోర్న్ గ్రామమున మనుష్యులను మోసికొని కొండదారి నెక్కెను. కొన్ని దినములకే అది దారిలో చెడిపోయెను. బండిని ఒక పంచలోనికి త్రోసి, నడపినవారందరు సమీపమందలి పూటకూటింట విందునకు కూర్చుండిరి. నిప్పు ఆర్పవలెనను మాట ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. నీరంతయు ఇగిరిపోయి, ఇనుము ఎఱ్ఱగా కాలి, కాలదగినదంతయు కాలిపోయెను. 1803లో గ్రీనిచ్‌నందు జరిగినది ఇంతకంటె ఘోరము. అచ్చట నీరు తోడు ట్రెవితిక్ యంత్రమును కనిపెట్టియుండవలసిన కుఱ్ఱవాడు, అధికమైన ఆవిరిని వెడలించు రక్షణవాల్వును కదలకుండ బిగించి చేపలు పట్టబోయెను. బాయిలరు ప్రేలి నలుగురు మరణించిరి.

ఈ రెండు ప్రమాదములకును యంత్రపు లోపము ప్రధానకారణము కాదు. అయినను ట్రెవితిక్ కుఱ్ఱవానిని నిందించి యూరకుండక, అటుపై బాయిలరునకు రెండు రక్షణవాల్వులు పెట్టించెను. బాయిలరులో సీసపు బిరడాయొకటి యమర్చెను. నీరు తగ్గి లోహము మితిమీరి వేడెక్కినచో సీసము కరగి, ఆవిరి వెలువడి, ప్రమాదమును ముందుగా తెలుపును. మానవుడు ఏమరునని యెరిగి, ఆ యేమరుపాటు ప్రాణము తీయకుండునట్లు యంత్రమును దిద్దుటయే నిజమైన సంస్కారము.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో రైళ్లు వ్యాపించిన పిమ్మట, పిల్లలకొఱకు ఇత్తడితో చేసిన చిన్నయింజనులు అంగళ్లకు వచ్చెను. వానికి పట్టాలు లేవు, నేలమీదనే పరుగెత్తెడివి. పోయినంతమేర నీటిధార విడుచుచుండుటచే జనులు వానిని 'బర్మింగుహాము కారుడు బండ్లు' అను అర్థము వచ్చు పేరుతో పరిహసించిరి. తగరము, సీసము కలిపిన మెత్తని టంకముతో అతికిన బాయిలరులు అవి. నీరున్నంతవరకు అతుకు నిలుచును. నీరిగిరినంతనే కరగి విచ్చును. చిన్నయింజను ఆటవస్తువేగాని నమ్మదగినది కాదను పేరు వానివలననే వచ్చెను.

ఆ పేరు మాన్పినది ఒక మాసపత్రిక. 1898 జనవరిలో పెర్సివల్ మార్షల్ లండనునందు 'మోడల్ ఇంజనీర్' పత్రికను స్థాపించెను. ఆ యేటనే ఆయన పూనికతో ఒక సంఘమును ఏర్పడెను. మరుసటియేట బాసెట్-లోక్ నార్తాంప్టనునందు నమూనా యింజనుల వర్తకము నారంభించెను. అంతవరకు పనివారు తమ నేర్పును దాచుకొనుట వాడుక. ఈ పత్రికలో గుమాస్తాలు, కమ్మరులు, ఉపాధ్యాయులు తమ తప్పులనుసహితము అచ్చు వేయించిరి. 1922లో అందొక గొప్ప వాదము చెలరేగెను. చిన్నయింజనులకు స్పిరిటు దీపమే తగునని హెన్రీ గ్రీన్లీ పక్షమువారు. పెద్దయింజనువలెనే బొగ్గునిప్పుతో, పొగగొట్టముల బాయిలరుతో నడపవచ్చునని 'ఎల్.బి.ఎస్.సి.' అను మారుపేరుతో వ్రాయు పనివాడొకడు. అతడు వాదించి విడువలేదు. రెండున్నర అంగుళముల యెడముగల పట్టాలమీద తన 'అయేషా' యను ఇంజనును నడిపి, దానిచే ఎదిగిన మనుష్యుని లాగించి చూపెను. ఆపైన ఎన్నో యేండ్లు, ఇంటిమూలలో చిన్న తరిమెనబల్ల మాత్రమే గలవాడు సైతము అట్టి యింజనును చేసికొనునట్లు, తేటమాటలలో పాఠములు వ్రాసెను.

ఈ పరంపర వలన నిలిచిన యాచారములు కొన్ని కలవు. ప్రతి యాచారము వెనుకను ఒక చెడిపోయిన ఇంజను ఉన్నది. సున్నము లేని నీరే పోయవలెను. లేనిచో లోపల పెచ్చులు కట్టి వేడిని అడ్డును. నీటిమట్టము చూపు గాజుగొట్టమును తెరచి ఊదింపక నమ్మరాదు. సన్నని గొట్టమున నీటిబొట్టు అంటుకొని, లేని నీటిని ఉన్నట్లు చూపవచ్చును. బయలుదేరునపుడు ఆవిరిని కొంచెము కొంచెముగా విడువవలెను. చల్లని సిలిండరులో ఆవిరి నీరగును. నీరు అణగునది కాదు. తొందరపడినచో కడ్డీ వంగును. కుట్టుమిషనునకు వాడు పలుచని నూనెను ఆవిరి కడిగివేయును. సిలిండరునకు ప్రత్యేకమైన చిక్కని నూనె కావలెను. స్పిరిటు మంట ఎండలో కంటికి కనబడదు. ఆరినదనుకొని దీపములో మరల పోసినవారు చేతులు కాల్చుకొనిరి. ఆట ముగిసిన పిదప నిప్పు నార్పి, నీరు వెడలించి, తుడిచి, నూనె పూసినప్పుడే పని ముగిసినట్లు.

రాగిబాయిలరును నేడు వెండి కలిసిన గట్టిటంకముతో అతుకుదురు. అది కరగుటకు 600 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. అయినను ఆ దేశపు సంఘములవారు అతుకును నమ్మి ఊరకుండరు. కొత్త బాయిలరును చల్లని నీటితో నింపి, పనిచేయు ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెట్టి చూతురు. తరువాతి పరీక్షలలో ఒకటిన్నర రెట్లు. ఆవిరికి మారుగా నీరెందుకన, నీటి యొత్తిడితో విచ్చిన బాయిలరు కారును గాని ప్రేలదు. చేసినవాడే తన బాయిలరునకు యోగ్యతాపత్రము వ్రాసికొనరాదు, మరియొకడు పరీక్షింపవలెను. స్నేహితుడైనను సరే, ఈ నియమమునకు మినహాయింపు లేదు.

ఇందు మనకు గ్రాహ్యమైన దేమి? నమ్మకమనునది ఇత్తడిలోను రాగిలోను పుట్టునది కాదు. తప్పును దాచక చెప్పుకొనుట, కారణము విచారించుట, తెలిసినదానిని పదిమందికి అచ్చులో పంచుట, ఇతరుల పరీక్షకు తలయొగ్గుట అను నాలుగు గుణములనుండి అది పుట్టినది. మనలో చదివినవాడు నూనెచేతిని హీనముగా చూచును. నూనెచేతివాడు తనకు తెలిసినది వ్రాయడు. అందుచే మన వీధులలో చెడిన యంత్రమును బాగుచేయువారు వేలకొలది యున్నను, వారి జ్ఞానము వారితోనే గతించుచున్నది. పాఠశాలకొక చిన్న పనిగది, అందొక చెడిన యంత్రము, దానిని విప్పిచూచి కారణము వ్రాసియుంచుటకు ఒక పుస్తకము, వారమున కొకపూట పిల్లలతో కూర్చుండు మేస్త్రి యొకడు ఉండిన చాలును. ఆరంభమునకు ఇంతకంటె పెద్ద సన్నాహము అక్కరలేదు.