జోజీలాపై టాంకులు

శ్రీనగరమునుండి లదాఖునకు పోవు ప్రధానమార్గము బాల్తాల్ వద్ద కొండనెక్కి, సుమారు 11,500 అడుగుల యెత్తున జోజీలాను దాటి, ద్రాస్, కార్గిల్‌ల మీదుగా లేహ్ చేరును. లదాఖీ భాషలో 'లా' యనగా కనుమయే. కావున 'జోజీలా కనుమ' యనువారు కనుమను రెండుమారులు పేర్కొనుచున్నారన్నమాట.

1948 వేసవి గడచునప్పటికి ఈ మూడుతావులును పాకిస్తాను పక్షపు బలగముల వశమైనవి. స్కర్దూ కోటలో ఆరుమాసములు ముట్టడిని సహించిన షేర్ జంగ్ థాపా దళము తిండియు తూటాలును నిండుకొనగా ఆగస్టు 14న లొంగిపోయెను. ఇక మిగిలినది లేహ్. దానికి విమానములును, మనాలీవైపు దూరపు కాలిబాటయును దప్ప వేరాధారము లేదు. మంచు కురియకమునుపే జోజీలా చేజిక్కనిచో లేహ్ దక్కుట సందేహమే.

సెప్టెంబరులో 77వ పారా బ్రిగేడు చేసిన దాడులు ఫలింపలేదు. కనుమకిరువైపుల రాతిగుహలలో పొంచియున్న మరఫిరంగుల యెదుట కాల్బలము నిలువజాలకపోయెను. అప్పుడు డివిజను సేనాని జనరల్ తిమ్మయ్య టాంకులను రప్పింప నిశ్చయించెను. 7వ కావల్రీకి చెందిన స్టూవర్టు టాంకులు బలహీనమైన వంతెనలు దాటుటకును, శత్రువులు పసిగట్టకుండుటకును ఫిరంగిగోపురములను ఊడదీసికొని జమ్మూ ప్రాంతమునుండి బయలుదేరినవి.

కాని బాల్తాల్ పైనున్నది కంచరగాడిదల బాట. పన్నెండు టన్నులకు పైబడిన యంత్రము దానిపై నడచుటెట్లు? ఆ ప్రశ్నకు బదులు చెప్పినవారు మద్రాసు సాపర్ల 13వ, 433వ ఫీల్డు కంపెనీలవారు. ఈ దళమున తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు కలసి పనిచేయుదురు. దక్షిణాదివారినందరిని 'మద్రాసీ'లని ఒక్కగాటగట్టు వాడుక ఉత్తరదేశమున నున్నదే గాని, ఇచట ఆ పేరునకు అర్థము కలిగినది. మంచు నెరుగని ఊళ్లలో పుట్టిన ఆ జవానులు తూటాలు వచ్చిపడుచుండగా రాతిని ప్రేల్చి, చరియను చెక్కి, లోయవైపు గట్టుకట్టి, అక్టోబరు నడిమికి ఆ బాటను టాంకుల త్రోవగా మార్చిరి. యుద్ధగాథలలో పారకును గునపమునకును చోటు తక్కువ. జోజీలా గెలుపులో మొదటి పాలు వానిదే.

త్రోవ సిద్ధమైనను వాతావరణము అనుకూలింపలేదు. హిమపాతముచే దాడి వాయిదాపడి, తుదకు నవంబరు 1న జరిగెను. ముందునడచిన టాంకులో తిమ్మయ్యయే స్వయముగా కూర్చుండెనని చెప్పుదురు. అంతటి యెత్తున టాంకులు రాగలవని కలనైన తలపని శత్రువులు గుహలపై గుండ్లు పడుటతోడనే చెదరిపోయిరి. సాయంకాలమునకు కనుమకావలి గుమ్రీ మైదానము భారతసేనల వశమయ్యెను. నవంబరు నడుమ ద్రాసును, ఆ నెల 24 నాటికి కార్గిలును చేజిక్కినవి. లేహ్‌నుండి వచ్చిన దళము కార్గిల్‌లో వీరిని కలసికొనెను. 1949 జనవరి 1న కాల్పులు ఆగినవి.

తరువాత శ్రీనగరము–లేహ్ రహదారి ఈ కనుమమీదుగనే సాగినది. శీతకాలమున మంచు దానిని మూసివేయుచుండుటచే 2020లో జోజీలా క్రింద సొరంగపు త్రవ్వకము మొదలిడిరి.