పలక

సంస్కృత ‘ఫలకా’నికి చుట్టం మన ‘పలక’. ఫలకమంటే చెక్క. మార్కాపురం పలక మాత్రం పొరలుగా చీలే నల్లరాయి, బలపంతో రాసేది. ‘ఆరు పలకల పెన్సిల్’ అన్నప్పుడు పలకంటే ముఖం.

కరెంటు పారనివ్వదు, కాలదు, బెజ్జం వేసినా నిలుస్తుంది కనుక తొలినాటి స్విచ్‌బోర్డులకు పలకరాయి వాడేవారు. లోహపు చారలున్న రాయి పనికొచ్చేది కాదు. సొంతంగా రేడియో కట్టుకునే ఔత్సాహికులైతే రొట్టె కోసే చెక్కమీదే మేకులు కొట్టి తీగలు చుట్టేవారు. ‘బ్రెడ్‌బోర్డు’ పేరు అక్కడిదే. ఇప్పటిది ప్లాస్టిక్ పలక. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు. రాతిపలకమీద తప్పు రాస్తే తుడుచుకున్నట్టే, ఎల్‌ఈడీ వెలగకపోతే తీగ పీకి పక్క వరుసలో గుచ్చుకోవచ్చు. సర్క్యూట్ కుదిరాకే సోల్డరింగ్.