కాగితం మీది లాభం, చేతికొచ్చిన రొక్కం

కంపెనీలు తమ లాభాలను ఎలా సర్దుతాయి, ఆ సర్దుబాటును ఎలా పసిగట్టాలి అన్నది ఈనాటి ప్రసంగం. ఇది ఆడిటర్ల గొడవ, మనకెందుకు అనుకొని రేడియో కట్టేయకండి.

మన వేలూరు, గుడియాత్తం, చిత్తూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాగా ఉన్న కాలం. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. దొరల కంపెనీ అన్న నమ్మకంతోనే జనం దాంట్లో డబ్బు దాచుకున్నారు. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బలోంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. తర్వాత తర్వాత కంపెనీలు ఏటేటా లెక్కలు అచ్చువేసి వాటాదారులకు పంపడం చట్టమైంది. దాంతో మోసం పోలేదు, అచ్చులోకి ఎక్కింది.

గుడియాత్తంలో లుంగీల వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకోండి. మార్చి 31న వంద కట్టలు తెలిసినవాళ్లకు అరువు మీద పంపి, అమ్మకం రాసుకుంటాడు. ఏప్రిల్లో సరుకు తిరిగొస్తుంది. పాత ఏడాది పుస్తకంలో మాత్రం లాభం అలాగే ఉంటుంది. పైసా చేతికి రాలేదు సుమండీ! మొండి బాకీని వచ్చే బాకీగా చూపినా, యంత్రాల తరుగుదల తగ్గించి రాసినా ఇదే పని. కాబట్టి లాభం పక్కన వసూలైన రొక్కాన్ని పెట్టి చూడాలి. అమ్మకాల కంటే బాకీలు వేగంగా పెరుగుతుంటే అడగవలసిందే.

1991లో జెనిఫర్ జోన్స్ అనే పరిశోధకురాలు దీనికొక లెక్క కట్టారు. దిగుమతుల వల్ల నష్టపోతున్నామని అమెరికా ప్రభుత్వాన్ని రక్షణ కోరిన కంపెనీలను పరిశీలించారు. అమ్మకాల్లో మార్పునూ, యంత్రాల విలువనూ బట్టి లాభానికీ రొక్కానికీ మామూలుగా ఎంత తేడా ఉండాలో అంచనా వేసి, అంతకు మించినదాన్ని అనుమానించారు. విచారణ జరిగిన ఏడాది ఆ కంపెనీలు లాభాన్ని తగ్గించి చూపినట్లు తేలింది. చూశారా, పెంచడమే కాదు, తగ్గించడమూ ఉంది.

అయితే రొక్కమే అబద్ధమైతే? మన తెలుగువాళ్ల సత్యం కంప్యూటర్స్‌లో జరిగింది అదే. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. వాటి మీద వడ్డీగా చూపిన 376 కోట్లూ లేవు. ఒక్క సెప్టెంబరు త్రైమాసికంలోనే 61 కోట్ల నిర్వహణ లాభం 649 కోట్లయింది. 2015 ఏప్రిల్లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకు ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలు మీద మరుసటి నెలలో బెయిలు వచ్చింది.

ఇక్కడ జోన్స్ లెక్క కంటే ఒక పోస్టు కవరు మేలనిపిస్తుంది నాకు. నిల్వ ఎంతో చెప్పమని ఆడిటరు తానే బ్యాంకుకు రాసి, జవాబు తానే అందుకోవాలి. సత్యం విషయంలో ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం ఆడిటర్లు కంపెనీవాళ్ల చేతికే వదిలేశారని 2011లో అమెరికా షేర్ల నియంత్రణ సంస్థ తేల్చింది.