ఓబుళాపురం నుంచి నాంపల్లికి పదిహేనేళ్లు

2009. అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలం, ఓబుళాపురం. రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు మీరు. ఎర్రదుమ్ము పళ్ల మధ్య కరకరమంటోంది. చెట్ల ఆకులకు పచ్చదనమే లేదు. ఇనుప ఖనిజం నింపుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి ఓడరేవుల వైపు సాగిపోతున్నాయి. తలెత్తి చూస్తే, కొండ ఉండాల్సిన చోట అంచెలంచెలుగా తవ్వేసిన గోతులు. ఆంధ్ర ఎక్కడిదాకానో, కర్ణాటక ఎక్కణ్నుంచో చెప్పే సరిహద్దు గుర్తులు చెరిగిపోయాయి. ఆ గుర్తుల్లో ఒకటైన సుంకులమ్మ గుడిని 2006లోనే పేల్చేశారు.

ఎవర్ని కదిపినా గొంతు తగ్గిస్తారు. గనుల వెనకున్న గాలి జనార్దన్ రెడ్డి అప్పటికి కర్ణాటకలో మంత్రి. ఇటు హైదరాబాద్‌ సచివాలయం నుంచి 2007లో వెలువడిన లీజు జీవోల్లో, తవ్విన ఖనిజాన్ని సొంత ఉక్కు కర్మాగారానికే వాడాలన్న షరతు లేకుండా పోయింది. జమ్మలమడుగు దగ్గర వస్తుందన్న బ్రహ్మణి స్టీల్స్ రాలేదు. ఖనిజం మాత్రం దేశం దాటింది. 2009 డిసెంబరులో సీబీఐ కేసు నమోదు చేసింది.

2011 సెప్టెంబర్ 5. బళ్లారిలో పొద్దున్నే జనార్దన్ రెడ్డి ఇంటికి సీబీఐ అధికారులు వచ్చారు. సాయంత్రానికల్లా మీరు టీవీలో చూస్తున్నది చంచల్‌గూడ జైలు గేటు. నిన్నమొన్నటి మంత్రి లోపలికి వెళుతున్నాడు. ఇక తేలిపోతుంది అనుకున్నారు మీరు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఏడాది తిరగకుండానే, 2012 మేలో, ఆయనకు బెయిలు వచ్చింది. ఆ బెయిలు కోసం కోట్లు చేతులు మారాయన్న ఆరోపణ మీద, ఇచ్చిన జడ్జే సస్పెండయ్యారు, అరెస్టయ్యారు. హైకోర్టు ఆ బెయిలును రద్దు చేసింది. టీకొట్టు దగ్గర పేపరు మడిచిపెట్టి, ఇంకెవర్ని నమ్మాలి అని జనం అడుగుతున్న ఆ ఉదయం మీరూ అక్కడే ఉన్నారు. నిజాయతీగా పనిచేసే వందలమంది జడ్జీలకు ఆ ఒక్క ఉదయం చేసిన నష్టం ఇంతా అంతా కాదు.

ఆ తర్వాత ఏళ్లన్నీ వాయిదాలే. కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్నారు మీరు. ఒక నిందితుడు తనను కేసు నుంచి తప్పించాలని పిటిషన్ వేస్తాడు. అది కొట్టేస్తే హైకోర్టు, అక్కడా కాకపోతే సుప్రీంకోర్టు. ఒక్కో పిటిషనూ చట్టం ఇచ్చిన హక్కే. అన్నీ కలిస్తే మాత్రం అసలు విచారణ కదలదు. రెండు వందలకు పైగా సాక్షులు, మూడు వేలకు పైగా పత్రాలు. నిందితుల్లో ఒక అధికారి విచారణ ముగియకుండానే చనిపోయారు. మూడేళ్లకు పైగా జైల్లో ఉన్న జనార్దన్ రెడ్డికి 2015 జనవరిలో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. ఏడేళ్లు గడిచాక, 2022 అక్టోబరులో, అదే కోర్టు ఈ జాప్యాన్ని తప్పుపట్టి, రోజువారీ విచారణ జరిపి ఆరు నెలల్లో ముగించమంది. ఆ గడువు ముగిసే వేళకు, 2023 మేలో, వచ్చింది తీర్పు కాదు. కర్ణాటక ఎన్నికలు వచ్చాయి. సొంత పార్టీ పెట్టుకుని గంగావతి నుంచి ఆయన ఎమ్మెల్యేగా గెలిచారు.

2025 మే 6, మంగళవారం. నాంపల్లి సీబీఐ కోర్టు. బయట ఎండ మండుతోంది, గేటు దగ్గర కెమెరాలు. జనార్దన్ రెడ్డి, ఆయన బావమరిది శ్రీనివాస్ రెడ్డి, గనుల శాఖ మాజీ డైరెక్టర్ రాజగోపాల్, ఆయన సహాయకుడు ఒకరు దోషులని కోర్టు తేల్చింది. ఏడేళ్ల జైలు. మాజీ మంత్రి సబితా ఇంద్రారెడ్డి, విశ్రాంత ఐఏఎస్ కృపానందం నిర్దోషులు. ఈ రెండో మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. చివరికి నిర్దోషిగా తేలే మనిషి అన్నేళ్లు నిందితుల వరసలో నిలబడాలా? ఆలస్యం ఈ తప్పు కూడా చేస్తుంది.

తీర్పు మర్నాడే, ఇదే కేసు నుంచి ఒక ఐఏఎస్ అధికారిణికి హైకోర్టు ఇచ్చిన విముక్తిని సుప్రీంకోర్టు పక్కనపెట్టి, మళ్లీ విచారించమంది. అంటే కేసులో ఒక కొమ్మ మళ్లీ మొదటికి వచ్చింది.

జూన్‌లో మీ చేతిలో మళ్లీ పేపరు. తెలంగాణ హైకోర్టు జనార్దన్ రెడ్డి శిక్ష అమలును నిలిపి బెయిలు ఇచ్చింది. శిక్ష పడటంతో పోయిన ఎమ్మెల్యే పదవి కూడా తిరిగొచ్చింది. అప్పీలు చేసుకోవడం దోషికీ ఉన్న హక్కే, హైకోర్టు చేసింది చట్టం లోపలిదే. కానీ తీర్పు రావడానికి పదిహేనేళ్లు, అది ఆగిపోవడానికి ఐదు వారాలు పట్టిన దేశంలో, పెద్దోళ్లకు ఏమీ కాదులే అని పల్లెలో రైతు అంటే ఆ మాట తప్పని ఎలా చెప్పగలం?

ఎంపీలు, ఎమ్మెల్యేల కేసుల్ని స్వయంగా పర్యవేక్షించాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టులను ఆదేశించింది. ఏ జిల్లాలో ఎన్ని కేసులున్నాయో, ఏ ఏడాదివో, ఏ దశలో ఉన్నాయో వెబ్‌సైట్లలో పెట్టమంది. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లోనూ పెండింగ్ క్రిమినల్ కేసులన్నీ రాయాల్సిందే. ఇవి మనకు ఉన్న కాగితాలు, చదవండి. ఈసారి ఓటు అడగడానికి మీ గడప ముందుకు వచ్చిన నాయకుణ్ని రోడ్డు, నీళ్లతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి: మీ కేసు ఏ ఏడాదిది, ఇన్నాళ్లూ వాయిదాలు అడిగింది ఎవరు?