జాతరను పండుగ అంటే ఏం మారుతుంది?

1961 జనాభా లెక్కల శాఖ మనుషులను లెక్కపెట్టడంతో ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ ఊళ్లో ఏ దేవుడికి ఎప్పుడు ఏం చేస్తారో సేకరించి, జిల్లాల వారీగా సంపుటాలు అచ్చు వేయించింది. వాటి పేరు 'ఫెయిర్స్ అండ్ ఫెస్టివల్స్'. అంటే జాతరలూ పండుగలూ. రెండూ ఒకటే అయితే మధ్యలో ఆ 'అండ్' ఎందుకు?

మన భాష ఈ తేడాను ఎప్పటి నుంచో పాటిస్తోంది. పండుగకు తిథి ముఖ్యం. దసరా మన ఇంటికీ వస్తుంది, బొంబాయిలో ఉన్న చుట్టాల ఇంటికీ వస్తుంది. జాతర మన ఇంటికి రాదు, మనమే వెళ్లాలి. సంస్కృతంలోని 'యాత్ర' నుంచే ఆ మాట పుట్టింది. కోటప్పకొండ దగ్గర తిరునాళ్లు అంటారు. అది తమిళం నుంచి వచ్చింది, పవిత్రమైన రోజు అని అర్థం. దర్గా దగ్గరైతే ఉర్సు. 'పర్వం' నుంచి వచ్చిన పబ్బం మాత్రం, పాపం, 'పబ్బం గడుపుకోవడం'లో ఇరుక్కుపోయింది.

సంతోషం ఉంటేనే పండుగ అనుకుందామా అంటే, పీర్ల పండుగ ఉంది. మొహర్రం కర్బలాలో అమరుడైన ఇమాం హుసేన్‌ను తలచుకుని దుఃఖించే రోజు. దానికి 'హ్యాపీ' అని మెసేజ్ పెట్టడం తెలియనితనం. కానీ మన పల్లెల్లో దాన్ని పండుగ అనడంలో తప్పేమీ లేదు. పీర్లకు మొక్కేవాళ్లలో, అలావా చుట్టూ తిరిగేవాళ్లలో హిందువులూ ఉంటారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టెను కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. జనం దానికి పెట్టుకున్న పేరు రొట్టెల పండుగ. తెలుగు 'పండుగ'లో మొక్కు ఉంది, భయం ఉంది, ఏడుపూ ఉంది. ఇంగ్లీషు 'ఫెస్టివల్'లో అంత చోటు లేదని నా అభిప్రాయం.

ఇదంతా జనం లెక్క. సర్కారు లెక్క వేరు. మన బ్యాంకులకు ఏ రోజు సెలవో ఏ చట్టం కింద ప్రకటిస్తారో తెలుసా? 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, అంటే చెక్కులూ ప్రామిసరీ నోట్ల చట్టం కింద. నోటు గడువు సెలవు రోజున తీరితే ఏం చేయాలన్న తగువు రాకుండా, సెలవంటే ఏమిటో అందులో చెప్పవలసి వచ్చింది. ఫ్యాక్టరీలకు మన రాష్ట్రంలో 1974లో మరో చట్టం వచ్చింది. దాని పేరులోనే జాతీయ, పండుగ, ఇతర సెలవులు అని మూడు రకాలున్నాయి. నా ఉద్యోగ జీవితంలో ఏటా డిసెంబరులో ఆ జాబితా మీద యూనియన్‌తో కూర్చునేవాళ్లం. జాబితాలో ఉన్న రోజుకు జీతం ఉంటుంది, లేని రోజుకు ఉండదు. ములుగు వైపు నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలు మేడారం పోవాలంటే ఆ నాలుగు రోజుల కూలి వదులుకోవలసిందే. పండుగ కాదు గదా, జాతరే గదా అనేవారు ఆఫీసులో.

మన బడిలో కూడా ఇదే కథ నడిచింది. జాతర వారం వచ్చిందంటే తరగతిలో సగం మందికి జ్వరం వచ్చేది, కనీసం సెలవు చీటీల ప్రకారం. జాతర అని రాస్తే సెలవు దొరికేది కాదు మరి. ఆ తర్వాత వచ్చిన హెడ్మాస్టరు గారు ఎవరితోనూ వాదించకుండా, తన చేతిలో ఉన్న లోకల్ హాలిడేలను తీసి ఆ వారంలో వేశారు. మళ్లీ జాతరకు ఎవరికీ జ్వరం రాలేదు.

1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మేడారం సమ్మక్క సారలమ్మ జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడగానే బతుకమ్మకూ బోనాలకూ ఆ హోదా దక్కింది. అంతకు ముందు బతుకమ్మ దసరా సెలవుల నీడలో ఉండేది. శుభకార్యాలు పెట్టుకోని ఆషాఢంలో వచ్చే బోనాలను పెద్ద పండుగల వరుసలో చేర్చేవాళ్లు కారు. పేరులో ఏముంది అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే. రాష్ట్ర పండుగ అన్న మాట ఫైలు మీద పడితే ఆ గుంపుకు నీళ్లు, దారి, బస్సు, డాక్టరు సమకూర్చే బాధ్యత ఎవరిదో తేలుతుంది. అడవిలో లక్షల మంది చేరే చోట అది చిన్న విషయం కాదు. జంపన్నవాగు దగ్గర కుళాయి కింద స్నానం చేసిన ముసలమ్మకు ఆ మాట విలువ తెలుసు.

అయితే నాకు ఒక గుంజాటన ఉంది. 'పండుగ' అనగానే అది అందరిదీ అవుతుంది, మంచిదే. 'జాతర' అన్న మాటలో మాత్రం ఒక చోటు ఉంది, ఆ చోటుకు సొంతమైన మనుషులు ఉన్నారు. మేడారంలో విగ్రహం లేదు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. మరునాడు చిలకలగుట్ట మీది నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క వస్తుంది. తెచ్చేది కోయ వడ్డెలు. బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. నిలువెత్తు బంగారం అంటే మనిషి ఎత్తు బరువు బెల్లం. ఆ పేరు ఏ గెజిట్‌లోనూ ప్రకటించింది కాదు.

అందుకే ఆహ్వాన పత్రికల మీద 'రాష్ట్ర పండుగ' అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, దాని కింద 'జాతర' అన్న మాట ఉందా లేదా అని చూస్తాను. ఇప్పటివరకు ఉంటూనే ఉంది. తేదీలు నిర్ణయించేది కూడా ఇప్పటికీ అక్కడి పూజారులే. వాళ్లు చెప్పిన తర్వాతే మన కలెక్టరాఫీసులు, ఆర్టీసీ డిపోలు పని మొదలుపెడతాయి.